వెనిస్‌లో మూడు గంటలు, అడగడానికి ఒక మనిషి

"నడవడానికి కూడా డబ్బులిస్తారా అక్కా?" అన్నాడు మా తమ్ముడు ఫోన్‌లో.

వాడు హైదరాబాద్‌లో ఉంటాడు, నేను మ్యూనిక్‌లో. అమ్మ మూడు నెలలు ఉండి వెళ్దామని నా దగ్గరికి వచ్చింది. అక్టోబరు చివర్లో సెలవు పెట్టి అమ్మని రైల్లో వెనిస్ తీసుకెళ్తున్నానని, మా ఇద్దరి కోసమే ఒక గైడుని మాట్లాడానని, ఆవిడ మూడు గంటలు మాతో నడిచి ఊరు చూపిస్తుందని, దానికి 210 యూరోలని చెప్పాను. మన డబ్బుల్లో ఇరవై వేల దాకా అవుతుంది. వాడు వెటకారంగా ఏమీ అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఫోన్‌లో మ్యాప్ ఉంది, యూట్యూబ్‌లో తెలుగులోనే బోలెడు వీడియోలున్నాయి, మధ్యలో ఈ మనిషి ఎందుకు అని.

అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. వెళ్ళొచ్చాక చెప్పగలను. ఇటలీలో ఏ ఊరికైనా ఒకటి రెండు రోజులకి వెళ్ళేవాళ్ళు, హోటల్ ఖర్చు కాస్త తగ్గించుకునైనా సరే, ఆ ఊరి మనిషిని గైడుగా పెట్టుకుని ఒక పూట నడవాలి. చూడటానికి కళ్ళు చాలు. అడగటానికి మాత్రం మనిషి ఉండాలి. మనకి సెలవులు తక్కువ, వీసా కష్టం, ఖర్చు ఎక్కువ. ఇంత కష్టపడి వెళ్ళి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వచ్చేస్తున్నామని నా బాధ.

ఇది నేను పడ్డ బాధే. 2017లో నేనూ మా ఆయనా పది రోజుల్లో ఏడు దేశాలు తిప్పే ప్యాకేజీలో వెనిస్ వచ్చాం. బస్సు త్రొంకెత్తో అనే పార్కింగ్ దీవిలో ఆగింది. అక్కణ్ణుంచి పడవలో ఊరి పెద్ద చౌకు సాన్ మార్కో దగ్గర దించారు. నలభై మందికి పైగా ఉన్నాం. అందరికీ చెవిలో పెట్టుకునే చిన్న యంత్రాలిచ్చారు. ముందు ఒకావిడ మూసిన గొడుగు పైకెత్తి నడుస్తుంటే మేం ఆ గొడుగు వెనకాల నడిచాం. చర్చి ముందు ఫొటో, నిట్టూర్పుల వంతెన దగ్గర ఫొటో, ఆ తర్వాత గాజు వస్తువుల షోరూములో నలభై నిమిషాలు. అక్కడ మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు. మూడున్నర గంటల తర్వాత మళ్ళీ పడవ. నాకు ఆ ఊరి గురించి ఏం గుర్తుందని నన్ను నేను అడిగి చూసుకుంటే, గొడుగు గుర్తొస్తుంది. నీలం రంగుది, అంచున తెల్ల గీత.

ఆ గైడుది తప్పనను. అంతమందిని ఆ సన్నటి సందుల్లో తప్పిపోకుండా నడిపించడమే పెద్ద పని. ఎవరైనా ఆగి "ఇదేంటండీ?" అని అడిగితే వెనకున్న ముప్పై మంది ఆగిపోతారు, దారికి అడ్డం పడతారు. ఊరివాళ్ళకీ అది ఇబ్బందే. అందుకే 2024లో వెనిస్ నగరపాలక సంస్థ ఒక్కో టూరిస్టు గుంపులో 25 మందికి మించి ఉండకూడదని, లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నిబంధన పెట్టింది. మంచి పనే. కానీ 25 మందిలో ఉన్నా మన ప్రశ్న మన గొంతులోనే ఉండిపోతుంది. ముఖ్యంగా అమ్మలాంటివాళ్ళ ప్రశ్న. ఆవిడ తెలుగులో అడగాలి, నేను ఇంగ్లీషులోకి మార్చాలి, జవాబుని మళ్ళీ తెలుగులో చెప్పాలి. ఒక్క ప్రశ్నకి మూడు నిమిషాలు పడుతుంది. గుంపులో ఎవరిస్తారు మూడు నిమిషాలు?

ఈసారి గైడుకి ముందుగా ఈమెయిల్ రాశాను. ఆవిడ వెంటనే రేటు చెప్పలేదు, మూడు విషయాలు అడిగింది. మీ అమ్మగారు ఆగకుండా ఎంతసేపు నడవగలరు? మెట్లు ఎక్కగలరా? మీ ఇంట్లోవాళ్ళు ఏం పనులు చేసేవారు? మూడో ప్రశ్న చూసి ఆశ్చర్యపోయాను. అమ్మకి 67 ఏళ్ళని, మోకాళ్ళ నొప్పులని రాశాను. అమ్మ పుట్టిల్లు చీరాల పక్కన జాండ్రపేట అని, మా తాతయ్య గుంటమగ్గం మీద నేసేవాడని రాశాను. ఆ సముద్రతీరంలోనే కొంచెం దూరంలో మోటుపల్లి అని ఒక పాత రేవు ఉందని, వెనిస్ యాత్రికుడు మార్కో పోలో తన పుస్తకంలో దాని గురించి రాశాడని కూడా చేర్చాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. "మనం సాన్ మార్కో వైపు వెళ్ళవద్దు. అది మీరు చూసేశారు, మీ అమ్మగారిని సాయంత్రం పడవలో తీసుకెళ్ళి చూపించండి. పొద్దున ఎనిమిదిన్నరకి యూదుల పాత పేట గెట్టోలో కలుద్దాం, మార్కో పోలో ఇంటి దగ్గర ముగిద్దాం. వంతెనలు తక్కువ ఉండే దారి చూస్తాను."

వెనిస్‌లో నాలుగొందలకి పైగా వంతెనలున్నాయి. దాదాపు ప్రతిదానికీ అటూ ఇటూ మెట్లే. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఈ ఊరు చూస్తేనే టెన్షన్. మ్యాప్‌ని అడిగితే దగ్గరి దారి చూపిస్తుంది, మెట్లు తక్కువున్న దారి తనంతట తానుగా చూపించదు. మా గైడు మమ్మల్ని ఎక్కువగా 'రియో తెరా' అని పేరున్న వీధుల్లోంచి నడిపించింది. రియో అంటే కాలువ, తెరా అంటే మట్టి పోసి పూడ్చింది. ఒకప్పటి కాలువని పూడ్చి వీధి చేశారు కాబట్టి నేల సమంగా ఉంటుంది, వంతెనలుండవు. ఇళ్ళ మూలల్లో గోడ మీద సున్నం పూసి నల్లటి అక్షరాలతో రాసిన వీధి పేర్లుంటాయి. వాటిని 'నిత్సియొలేతి' అంటారట, చిన్న దుప్పట్లని అర్థం. అవి చదవడం నేర్పింది. కాల్లే అంటే సందు, ఫొందమెంత అంటే కాలువ గట్టు వెంట దారి, సొతోపోర్తెగో అంటే ఇంటి కిందుగా వెళ్ళే దారి, కాంపో అంటే నాలుగు సందులు కలిసే ఖాళీ జాగా. కాంపోకి అసలు అర్థం పొలం. ఒకప్పుడు అక్కడ గడ్డి మొలిచేదట. ఊరంతటికీ 'పియాత్సా', అంటే చౌకు, అన్న పేరు ఒక్క సాన్ మార్కోకే ఉంది.

పది నిమిషాల్లో అమ్మ గోడల మీది పేర్లలో ఏది సందో ఏది గట్టో తనే చెప్పేయడం మొదలుపెట్టింది. అమ్మ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. "అన్నీ మనలాగే అచ్చుతో ముగుస్తున్నాయే" అంది. తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నాడని మనం చెప్పుకునే నికొలో దె కాంతి ఇక్కడి వర్తకుడే. వెనిస్ దీవుల చుట్టూ ఉన్న ఈ ఉప్పుకయ్యకి దక్షిణం కొసనున్న కియోజ్జా అతని ఊరు. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్ళాడు. ఆ సంగతి చెప్తే గైడు సంతోషపడింది, కానీ వెంటనే ఒక సవరణ కూడా చేసింది. వెనిస్ వాళ్ళ సొంత మాటలో చివరి అచ్చు చాలాచోట్ల రాలిపోతుందట. ఇటాలియన్‌లో రొట్టె 'పానే', వీళ్ళ నోట్లో 'పాన్'.

గెట్టో గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక వర్గం వాళ్ళని విడిగా నెట్టేసిన పేటకి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఈ మాట పుట్టింది ఇక్కడే. ఈ దీవి మీద ఒకప్పుడు లోహం కరిగించి పోతపోసే కొలిమి ఉండేది, దాన్ని 'జేతో' అనేవారు. 1516 మార్చి 29న వెనిస్ సెనేట్ ఊళ్ళోని యూదులందరూ ఈ దీవిలోనే ఉండాలని ఆజ్ఞ వేసింది. రాత్రయితే గేట్లు వేసేవారు. కాపలావాళ్ళ జీతాలు కూడా లోపల బంధించినవాళ్ళే కట్టుకోవాలి. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చి గేట్లు పీకేసేదాకా ఇదే పద్ధతి. జనం పెరిగారు కానీ జాగా పెరగలేదు. అందుకే ఇళ్ళు పైకి లేచాయి.

ఇదంతా పుస్తకంలో దొరుకుతుంది. నేను చదివే వెళ్ళాను. గైడు ఏం చేసిందంటే, అమ్మని కాంపో మధ్యలో నిలబెట్టి, "ఈ ఇంటి కిటికీలు కింది నుంచి పైకి లెక్కపెట్టండి" అంది. అమ్మ వేలు ఎత్తి లెక్కపెట్టింది. ఏడు. "ఇప్పుడు గెట్టో బయటి ఆ ఇంటికి లెక్కపెట్టండి." నాలుగు. రెండు ఇళ్ళ ఎత్తులో పెద్ద తేడా లేదు. అమ్మ నా వైపు తిరిగి, "అయితే లోపల మనిషి తల ఎత్తుకుని నిలబడేందుకు లేదన్నమాట" అంది. నేను ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్తుంటే నా గొంతు పట్టేసింది. గైడు తలూపి, గోడ మీద వరసగా ఉన్న ఐదు పెద్ద కిటికీలు చూపించింది. ఇరుకు అంతస్తుల మధ్య అలా ఐదు పెద్ద కిటికీలు కనబడితే అది ప్రార్థనా మందిరం. యూదుల పవిత్ర గ్రంథం తోరాలోని ఐదు భాగాలకి గుర్తు. అంత ఇరుకులోనూ వాళ్ళు దేవుడికి వెలుతురున్న జాగా ఇచ్చారు. కాళ్ళ దగ్గర రాళ్ళ మధ్య చిన్న ఇత్తడి పలకలున్నాయి. నాజీల కాలంలో ఆ ఇళ్ళ నుంచి పట్టుకుపోయినవాళ్ళ పేర్లు, పుట్టిన సంవత్సరాలు, చనిపోయిన చోటు వాటి మీద ఉంటాయి. చూపించకపోతే తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళం.

ఆ కాంపోలోనే మూడు రాతి బావిగట్లున్నాయి, పైన ఇనుప మూతలతో. అమ్మ వాటి దగ్గర ఆగిపోయింది. "చుట్టూ ఉప్పునీళ్ళే కదా, బావిలో మంచినీళ్ళు ఎట్లా వస్తాయి? అడుగు" అంది.

ఈ మూడు గంటల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. నాకు తట్టలేదు. నేను కుళాయి నీళ్ళతో పెరిగినదాన్ని. గైడు బావిగట్టు అంచు మీద కూర్చుని నోట్‌బుక్కులో బొమ్మ గీసి చూపించింది. అది మనం అనుకునే బావి కాదు. కాంపో మొత్తం లోతుగా తవ్వి, అడుగునా పక్కలా బంకమట్టి మెత్తేవారు, ఉప్పునీరు లోపలికి రాకుండా. దాన్నిండా ఇసుక నింపేవారు. మధ్యలో ఇటుకలతో బావి ఒర కట్టేవారు. కాంపోలో పడ్డ వాన నీరు రాతి చిల్లుల్లోంచి ఇసుకలోకి దిగి, వడకట్టుకుని, ఒరలోకి ఊరేది. వాన చాలనప్పుడు బ్రెంతా నది నుంచి పడవల్లో నీళ్ళు తెచ్చి పోసేవారు. 1884లో కయ్య అవతలి ఒడ్డు నుంచి పైపుల్లో నీళ్ళు వచ్చేదాకా ఈ ఊరు తాగింది ఆ నీళ్ళే. మనం నిలబడ్డ రాళ్ళ కింద ఇప్పటికీ ఇసుకే ఉంది.

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఇది మా దొరువే కదే!" అంది. చీరాల, బాపట్ల తీరంలో ఇసుక నేలల్లో దొరువులు తవ్వుతారు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పలచటి మంచినీటి పొరలా నిలుస్తుంది. లోతుకి పోకుండా పైపైన తవ్వితే తియ్యటి నీరు, ఆశపడి ఇంకా తవ్వితే ఉప్పు. కూరగాయల మళ్ళకి కుండలతో ఆ నీళ్ళే మోసి పోసేవాళ్ళని అమ్మ చెప్పింది. చిన్నప్పుడు తనూ మోసింది. గైడు ఈసారి తన బొమ్మ పక్కనే ఖాళీ జాగా చూపించి పెన్ను అమ్మ చేతికిచ్చింది. అమ్మ దొరువు గీసింది. అక్కడ ఇసుక సముద్రం ఇచ్చింది, ఇక్కడ మనుషులు పోశారు. తేడా అంతే. ఏ వీడియో చూస్తే దొరుకుతుంది ఇది? ఆ వీడియో చేసినతనికి దొరువు తెలియదు. దొరువు తెలిసిన అమ్మకి ఆ బావి గురించి చెప్పేవాళ్ళు లేరు. ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టడానికే 210 యూరోలు.

ఇక డబ్బు సంగతి. వెనిస్‌లో గొండోలా అనే పడవలో షికారుకి నగరం పెట్టిన రేటు పగటిపూట అరగంటకి 90 యూరోలు, రాత్రయితే 35 నిమిషాలకి 110. మన తెలుగువాళ్ళు ఎవరు వెళ్ళినా గొండోలా ఎక్కకుండా రారు, ఎవరూ దాన్ని దండగ అనరు. గైడు తీసుకునేది గంటల లెక్కన, మనుషుల లెక్కన కాదు. నలుగురు కలిసి వెళ్తే మనిషికి యాభై యూరోల చిల్లర. మేం గొండోలా మానేశాం. గైడే మాకో ఉపాయం చెప్పింది. స్త్రాదా నోవా వీధిలో సాంత సోఫియా దగ్గర 'త్రగెత్తో' ఉంది. ఇద్దరు పడవవాళ్ళు గొండోలాలాంటి పడవలోనే జనాన్ని పెద్ద కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటిస్తారు. మనిషికి 2 యూరోలు. రియాల్తో వంతెన ఎక్కి దిగే పని లేకుండా నేరుగా చేపల మార్కెట్ ముందు దిగాం. అమ్మ పడవలో కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి, వేలు నాలుక మీద పెట్టుకుని, "ఉప్పే" అంది.

చేపల మార్కెట్లో అమ్మకి గైడు అక్కర్లేకపోయింది. సముద్రం ఒడ్డు మనిషి. చేప కన్ను చూసి ఏది తాజాదో ఏది నిన్నటిదో చెప్పేసింది. గోడ మీద ఒక పాత పాలరాతి పలక ఉంది. ఏ చేప ఎంత పొడవుకి తక్కువుంటే అమ్మకూడదో సెంటీమీటర్లలో చెక్కి పెట్టారు. పిల్ల చేపల్ని పట్టేయకుండా. "మనవాళ్ళకి చూపించాలి" అని అమ్మ ఫొటో తీయించింది. గంపలో చిన్న పీతలున్నాయి. పెంకు విడిచి కొత్తది గట్టిపడకముందే పట్టినవి, వాటిని 'మొయేకే' అంటారు. వసంతంలో, మళ్ళీ ఈ కాలంలో, కొద్ది రోజులే దొరుకుతాయట.

మార్కెట్ చివర సాన్ జాకొమెత్తో అనే చిన్న చర్చి. దాని వెనక గోడ మీద ఎత్తున ఒక శిలువ, దాని కింద లాటిన్‌లో చెక్కిన అక్షరాలు. ఎదురుగా పళ్ళ బుట్టలు, ఎవరూ పైకి చూడరు. గైడు చదివి చెప్పింది. ఈ గుడి చుట్టూ వర్తకులకి న్యాయం సమానంగా జరగాలి, తూకాలు ఒకవైపు మొగ్గకూడదు, ఒప్పందాల్లో వంకర ఉండకూడదు. ప్రపంచం నలుమూలల నుంచి మిరియాలు, పట్టు, దూది వచ్చి చేతులు మారిన చోటు ఇది. కాలికట్ మిరియాలు పోర్చుగీసు ఓడల్లో నేరుగా లిస్బన్ చేరాయన్న కబురు 1501లో వచ్చినప్పుడు ఇక్కడి వర్తకులు బెంబేలెత్తిపోయారు.

ఆ అక్షరాల కింద నిలబడితే నాకు మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. గైడుని ఆపి చెప్పాను. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం. అంతకు ముందు రాజులు, తుపానుకి చెదిరి తమ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగుల్నీ గుర్రాల్నీ బంగారాన్నీ లాక్కునేవారు. ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల సొమ్ము అలా తీసుకోవడం న్యాయం కాదు, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోం అని రాజు రాతి మీద మాటిచ్చాడు. ఆ రాయి మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఉంది. గైడు రెండు మూడు ప్రశ్నలడిగి, సంవత్సరం మళ్ళీ చెప్పించుకుని రాసుకుంది. ఆ పావుగంట మేం గైడులం, ఆవిడ యాత్రికురాలు. ప్రైవేట్ టూర్ అంటే డబ్బున్నవాళ్ళ సుఖం అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మనం తీసుకెళ్ళిన దానికి కూడా అక్కడ చోటు దొరికింది. గుంపులో మనం వినేవాళ్ళమే. ఇక్కడ మన ఊరు కూడా మాటల్లోకి వస్తుంది.

ప్రైవేట్ అన్న మాట ఒక్కటే చూసి మోసపోకండి. అంతకు రెండేళ్ళ ముందు ఇటలీలోనే ఇంకో నగరంలో ఇలాగే ఒక గైడుని పెట్టుకున్నాం. అతను బట్టీ పట్టింది అప్పజెప్పాడు. రాజుల పేర్లు, సంవత్సరాలు, కట్టడం ఎత్తు. మధ్యలో ఆపి అడిగితే మళ్ళీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకునేవాడు. చివర్లో తనకి తెలిసిన తోలు సంచుల షాపుకి తీసుకెళ్ళాడు. ఆ రోజు కంటే చేతిలో పుస్తకంతో మేమే తిరిగుంటే బాగుండేది. కాబట్టి ఎంచుకునేటప్పుడు కొంచెం కష్టపడాలి. ఇటలీలో గైడు పని చేయాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. 2023 చివర్లో వచ్చిన చట్టంతో దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టారు. లైసెన్సు ఉందా అని అడగడం తప్పు కాదు, అందరూ చూపిస్తారు. కానీ లైసెన్సుతో పాటు ఏ ఊరివారో, ఎన్నాళ్ళుగా అక్కడున్నారో అడగండి. దారిలో ఏ షాపుకీ వద్దని ముందే చెప్పండి. అన్నిటికన్నా, మీ గురించి నాలుగు వాక్యాలు రాసి పంపండి. దానికి వచ్చే జవాబు చూస్తే మనిషి తెలిసిపోతుంది. మీరు రాసింది చదవకుండా రేట్ల పట్టిక పంపితే ఇంకొకరిని వెతుక్కోండి.

ఒక ఫ్రెండ్ అంటుంది, ఊళ్ళో దారి తప్పి తిరగడంలోనే మజా ఉంది, గైడు ఉంటే అది పోతుందని. నేను ఒప్పుకుంటాను, సగం. మేం కూడా ఆ మధ్యాహ్నం నుంచి రెండు రోజులు గైడు లేకుండానే తిరిగాం. తేడా ఏంటంటే, ఆ పొద్దుటి తర్వాత మేం తప్పిపోయిన ప్రతి సందూ మాకేదో చెప్పింది. ఈ కాంపోలోనూ బావి ఉంది, కింద ఇసుక ఉంది. ఈ వీధి పేరు రియో తెరా, ఒకప్పుడు నీళ్ళు పారాయి. ముందే తప్పిపోయుంటే అన్నీ పాత గోడలే.

పెద్ద కాలువ దాటి తిరిగి రావడానికి మాత్రం అమ్మ రియాల్తో వంతెన ఎక్కాల్సి వచ్చింది. 1591లో పూర్తయిన రాతి వంతెన. మెల్లిగా, రెండుసార్లు ఆగి ఎక్కింది. అవతల సాన్ బోర్తొలో కాంపోలో ఒక మందుల షాపు కిటికీలో ఎర్రటి అంకెలు వెలుగుతుంటాయి. 2008 నుంచి పెట్టారు. అది టైమూ కాదు, ఉష్ణోగ్రతా కాదు. ఈ పాత ఊళ్ళో ఇంకా కాపురం ఉంటున్నవాళ్ళ సంఖ్య. 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 లోపు. మన చీరాల పట్టణమే దీనికంటే పెద్దది. "మీరు ఈ అంకెలో ఉన్నారా?" అని గైడుని అడిగాను. లేదంది. గెట్టో ఉన్న కన్నారెజో పేటలోనే పుట్టింది, అక్కడే చదువుకుంది. ఇంటి అద్దెలు భరించలేక కయ్య అవతలి ఒడ్డునున్న మెస్త్రేకి వెళ్ళిపోయింది. వాళ్ళ అమ్మ మాత్రం ఇక్కడే ఉండేది. 2019 నవంబరు 12 రాత్రి సముద్రం 187 సెంటీమీటర్లు పొంగినప్పుడు కింది గది మునిగింది. 2020 అక్టోబరు నుంచి సముద్రం పోటెత్తినప్పుడు కయ్య సముద్రంలో కలిసే మూడు ముఖాల దగ్గర 78 ఇనుప తలుపులు లేపి నీళ్ళని ఆపుతున్నారు. అప్పటికే ఆవిడ అమ్మ కూడా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంట్లోని చెక్క బీరువాల మీద ఉప్పు చార ఇంకా ఉందట.

ఇది విన్నాక నాకు 2017 బస్సు గుర్తొచ్చింది. ఆ రోజు మేం ఖర్చు పెట్టినదాంట్లో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఎంత చేరింది? బస్సు వేరే దేశానిది, రాత్రి హోటల్ ఊరి బయట, తిండి వాళ్ళు కట్టిచ్చిన పొట్లాలు. ఒక పూటకి వచ్చిపోయేవాళ్ళ తాకిడి తట్టుకోలేక 2024 నుంచి రద్దీ రోజుల్లో ఊళ్ళోకి రావడానికి 5 యూరోల రుసుము పెట్టారు. చివరి నిమిషంలో కట్టేవాళ్ళకి తర్వాత దాన్ని 10 చేశారు. రుసుముతో జనం తగ్గుతారని నాకు నమ్మకం లేదు. ఈ ఊరి గురించి చెప్పి బతికేవాళ్ళు ఇక్కడ బతకగలిగితేనే చెప్పడానికి ఎవరైనా మిగులుతారు. ఆవిడ మెస్త్రే నుంచి రోజూ రైలెక్కి వస్తోంది. ఆ రైలు టికెట్ మా 210 యూరోల్లోంచే వెళ్ళింది. అందుకైనా అది మంచి ఖర్చు.

ఆఖరి మజిలీ కోర్తె సెకొందా దెల్ మిలియోన్. ఒక సందు, ఒక సొతోపోర్తెగో దాటితే చిన్న పెరడులాంటి జాగా. మార్కో పోలో పుస్తకానికి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు మిలియోన్. ఆయన ఇల్లు ఇప్పుడు లేదు, పదహారో శతాబ్దం చివర్లో కాలిపోయింది. ఆ చోట తర్వాత నాటకశాల కట్టారు. దాని వెనక గోడకి 1881లో పెట్టిన పలక ఉంది. పాత ఇళ్ళ తాలూకు రాతి కమాను ఒకటి మిగిలింది, దాని మీద జంతువులూ తీగలూ చెక్కి ఉన్నాయి. మార్కో పోలో నడిచినప్పుడు కూడా అది ఉందని గైడు చెప్పగానే అమ్మ వెళ్ళి దాని కింద నిలబడింది.

అతను 1271లో పదిహేడేళ్ళ వయసులో బయల్దేరి 1295లో తిరిగొచ్చాడు. జెనోవా వాళ్ళకి ఖైదీగా దొరికి, జైల్లో ఉండగా పీసా వాడైన రుస్తికెల్లో అనే రచయితకి చెప్పి రాయించిన పుస్తకం అది. అందులో ముత్ఫిలి అని ఒక రాజ్యం వస్తుంది. అదే మోటుపల్లి. దాన్ని ఒక రాణి ఏలుతోందని, న్యాయం తప్పదని, ప్రజలు ఆమెని ఎంతో ప్రేమిస్తారని చెప్పాడు. పాములున్న లోయల్లోకి మాంసం ముద్దలు విసిరితే వాటికి వజ్రాలంటుకుంటాయని, గద్దలు తన్నుకొస్తే ఏరుకుంటారని ఒక కథ చెప్పాడు. ఆ దేశంలో నేసే బట్ట సాలెగూడంత పలచగా ఉంటుందని, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరని చెప్పాడు. గైడు దగ్గర పుస్తకం ఉంది. ఆ పేజీ చదివింది, నేను తెలుగులో చెప్పాను. రాణి చనిపోయిన రాజు భార్య అని అందులో ఉంది. అది పొరపాటని, ఆమె గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి అని చెప్తే పక్కన పెన్సిల్‌తో రాసుకుంది.

సాలెగూడు మాట దగ్గర అమ్మ నన్ను ఆపింది. ఆ వాక్యం మళ్ళీ చెప్పమంది. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తను కట్టుకున్న నూలు చీర కొంగు గైడు చేతిలో పెట్టి, "ఇది మా నాన్న నేసింది కాదమ్మా. ఆయన నేసింది ఉంగరంలోంచి దూరేది. ఇది మా పేటలోనే ఇంకొకళ్ళు నేశారు" అంది. గైడు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. అప్పటికి మూడు గంటలు దాటి ఇరవై నిమిషాలైంది. మేం గుర్తుచేసినా ఆవిడ కదల్లేదు.

"ముత్ఫిలిని మీరు ఎలా పలుకుతారు?" అని అడిగింది.

అమ్మ పలికింది. గైడు "మోటుపలి" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. వెనిస్ మాటలో ద్విత్వాలు నిలవవని, స్కూల్లో కూడా టీచరు దీనికే కొట్టేదని గైడు నవ్వింది. అమ్మ "పల్లి, పల్లి" అని రెండుసార్లు ఒత్తి చెప్పింది. ఆవిడ కళ్ళు మూసుకుని, "మోటుపల్లి" అంది. ఈసారి సరిగ్గా వచ్చింది. తర్వాత నోట్‌బుక్కు తెరిచి, బావి బొమ్మా దొరువు బొమ్మా ఉన్న పేజీ తీసి, కింద మిగిలిన జాగా చూపించింది. అమ్మ కమాను గోడకి ఆ నోట్‌బుక్కు ఆనించుకుని, కళ్ళజోడు సర్దుకుని, పెద్ద అక్షరాలతో తెలుగులో మోటుపల్లి అని రాసిచ్చింది.